వెన్నెముక బొమ్మ సరిగ్గా గీయడం ఎలా: తొలి గీత నుంచి ప్రింటు దాకా

మెడికల్ కాలేజీలో కొత్తగా చేరినవాళ్లు, ఫిజియోథెరపీ, నర్సింగ్ విద్యార్థులు, క్లినిక్ గోడకు చార్టు వేసివ్వమని డాక్టర్లు ఆర్డరిచ్చిన ఆర్టిస్టులు. కర్నూల్లో వీళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "షేడింగ్ బాగానే వస్తోంది, ఒక్కో ఎముకా ఎముకలాగే ఉంది. మొత్తం కలిపి చూస్తే మాత్రం ఏదో తేడా కొడుతోంది. ఎక్కడ తప్పుతోంది?"

దాదాపు ఎప్పుడూ మొదటి పావుగంటలోనే తప్పుతుంది. వంపు, లెక్క, ఎత్తు అనే మూడు విషయాలు పెన్సిల్ దశలో కుదరకపోతే తర్వాత ఎంత షేడింగ్ చేసినా బొమ్మ నిలబడదు. అందుకే ఈ మార్గదర్శిలో మూడు పెద్ద భాగాలు ఆ మూడింటి మీదే రాశాను. తొందరపడి ఆ భాగాలు దాటేయకండి.

## 1. ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

పెన్సిల్ పట్టుకునే ముందు ఒక చిన్న కాగితం మీద ఇవి రాయండి.

- ఈ బొమ్మ చూసేది ఎవరు? రికార్డు దిద్దే డెమాన్‌స్ట్రేటరా, వైవాకు చదివే విద్యార్థా, నడుం నొప్పితో వచ్చిన పేషెంటా?
- ఏ వైపు నుంచి చూపిస్తున్నాం? ముందు నుంచా, వెనుక నుంచా, పక్క నుంచా, అడ్డంగా కోసినట్టా?
- మొత్తం వెన్నెముకా, లేక ఒకటి రెండు పూసలేనా?
- చూసినవాడికి ఈ బొమ్మ నుంచి అర్థం కావాల్సిన ఒకే ఒక్క విషయం ఏమిటి?

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. "డిస్క్ (రెండు పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల) ఉబ్బితే ఏ నరం నొక్కుకుంటుంది" అనేది చూపించాలంటే 33 పూసలూ గీయక్కర్లేదు, రెండు పూసలు పెద్దగా గీస్తే చాలు. "మనిషి నిలబడినప్పుడు వంపులు ఎలా ఉంటాయి" అనేది చూపించాలంటే పక్క నుంచి పూర్తి బొమ్మ కావాలి. అందులో ప్రతి పూస మీదా ఉన్న చిన్న గరుకునీ చూపిస్తే వంపు కనబడదు.

## 2. ఏది చూసి గీయాలి

ఇంకొకరు గీసిన బొమ్మను మాత్రమే చూసి గీయకండి. వాళ్ల తప్పులు కూడా మీ బొమ్మలోకి వచ్చేస్తాయి. కనీసం రెండు రకాల ఆధారాలు పక్కన పెట్టుకోండి. ఒక్కోదానిలో ఒక్కో లోపం ఉంటుంది, అది ముందే తెలిసి ఉండాలి.

బోన్ సెట్. సీనియర్ల దగ్గర తీసుకున్న సెట్ అయితే ముందు పూసల్ని వరుసగా పేర్చి లెక్కపెట్టండి. చాలా సెట్లలో ఒకటి రెండు పూసలు తగ్గుతాయి, లేదా వేరే సెట్ పూసలు కలిసిపోయి ఉంటాయి. ఎండిన ఎముకల మీద డిస్కులు ఉండవు కాబట్టి వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి ఎత్తు కొలిస్తే తక్కువ వస్తుంది. సాక్రమ్ (నడుము కింద, తుంటి ఎముకల మధ్య ఉండే ఎముక) పైన ఉండే వెన్నెముక పొడవులో సుమారు నాలుగో వంతు డిస్కులదే.

తీగకు గుచ్చి వేలాడదీసిన అస్థిపంజరం. పూస ఆకారానికి, పక్కటెముక ఎక్కడ అతుక్కుంటుందో చూడటానికి బాగుంటుంది. వంపుల విషయంలో దీన్ని నమ్మకండి. డిస్కుల బదులు పెట్టిన ముక్కలు తరచుగా అన్నీ ఒకే మందంలో ఉంటాయి, వంపు కూడా తీగ ఎలా వంగితే అలా వస్తుంది.

ఎక్స్‌రే, ఎమ్మారై. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో వంపు బాగా తెలుస్తుంది. నిలబెట్టి తీసిందా పడుకోబెట్టి తీసిందా కనుక్కోండి. ఎమ్మారై మామూలుగా పడుకోబెట్టి తీస్తారు కాబట్టి అందులో నడుము వంపు నిలబడినప్పటికన్నా కొంత తగ్గి కనబడవచ్చు. డిస్కులకు, నరాలకు మాత్రం ఎమ్మారైని మించిన ఆధారం లేదు.

పేషెంటు ఫిల్మ్ వాడుతుంటే ఆ మనిషి అనుమతి తీసుకోండి. పేరు, వయసు, ఆసుపత్రి నంబరు కనబడకుండా చేశాకే ఫోన్లో ఫొటో తీసుకోండి. డిసెక్షన్ హాల్లో అయితే ఫోన్ బయటికే తీయొద్దు, కాగితం మీద గీసుకోండి. అక్కడున్నది మన చదువు కోసం తన శరీరాన్ని ఇచ్చిన మనిషి.

## 3. సామాను

- ఏ3 డ్రాయింగ్ షీటు, 200 జీఎస్ఎంకి తగ్గకుండా
- ట్రేసింగ్ పేపర్లు నాలుగైదు
- 2హెచ్, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, మెత్తటి రబ్బరు
- 0.1, 0.3, 0.5 వాటర్‌ప్రూఫ్ పెన్నులు
- మి.మీ. గీతలు స్పష్టంగా ఉన్న స్కేలు, సాగని నూలు దారం
- చెయ్యి కింద పెట్టుకోవడానికి ఒక తెల్ల కాగితం

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన సీమలో ఎండ నలభై దాటాక అరచేతి చెమట షీటుకు అంటుకుంటే ఆ చోట రంగు సరిగ్గా పట్టదు. వాటర్ కలర్ వేసేవాళ్లు ఆ రోజుల్లో పొద్దున్నే కూర్చోవడం మంచిది. మధ్యాహ్నం వేడికి రంగు ఆరిపోయి అంచులు గీతల్లా గట్టిపడతాయి. అలాగని ఎయిర్ కూలర్ ముందు షీటు పెట్టకండి, తేమకు కాగితం అలలు తేలుతుంది.

ట్యాబ్ మీద గీసేవాళ్లు ఏ3 సైజు, 300 డీపీఐతో ఫైలు తెరవండి. అంటే 3508 బై 4961 పిక్సెళ్లు. వంపు, ఎముక, డిస్కు, నరం, షేడింగ్, లేబుళ్లు వేర్వేరు లేయర్లలో ఉంచండి. కింద చెప్పిన వరుస కాగితానికైనా ట్యాబ్‌కైనా ఒకటే.

## 4. నిలువు గీత, దాని చుట్టూ వంపు

పక్క నుంచి చూసే పూర్తి బొమ్మతో మొదలుపెడదాం. ఇది వస్తే మిగతా కోణాలు తేలిక.

2హెచ్ పెన్సిల్‌తో షీటు మధ్యలో పై నుంచి కిందికి ఒక నిలువు గీత గీయండి. మనిషి తిన్నగా నిలబడినప్పుడు శరీర బరువు కిందికి దిగే గీత అనుకోండి. వెన్నెముక ఈ గీతకు అటూ ఇటూ వంగుతూ, కొన్ని చోట్ల దాన్ని దాటుతుంది. రెండో మెడ పూస పైకి పొడుచుకొచ్చిన భాగం, మెడ ముగిసి ఛాతీ మొదలయ్యే చోటు, ఛాతీ ముగిసి నడుము మొదలయ్యే చోటు, సాక్రమ్ పై అంచు, ఈ నాలుగూ సుమారుగా గీత మీద లేదా దాని పక్కనే పడాలి.

ఇప్పుడు మనిషి ఎటు చూస్తున్నాడో ఒక బాణం గుర్తు పెట్టుకోండి. తర్వాత వంపు గీయండి (సి అంటే మెడ, టి అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము, ఎస్ అంటే సాక్రమ్; పక్కనున్న అంకె పై నుంచి ఎన్నో పూసో చెబుతుంది):

- మెడ ముందుకు. సి4, సి5 దగ్గర ఎక్కువ.
- ఛాతీ వెనక్కి. టి6 నుంచి టి8 మధ్య ఎక్కువ.
- నడుము ముందుకు. ఎల్3, ఎల్4 దగ్గర ఎక్కువ.
- సాక్రమ్, దాని కింద చివరన ఉండే కాకిక్స్ (తోక ఎముక) వెనక్కి వెళ్లి, కొస ముందుకు తిరుగుతుంది.

ఛాతీ, సాక్రమ్ వంపులు పుట్టుకతోనే ఉంటాయి. బిడ్డ మెడ నిలబెట్టేటప్పుడు మెడ వంపు, నిలబడి నడిచేటప్పుడు నడుము వంపు స్థిరపడతాయి. పసిబిడ్డ వెన్నెముక గీయమని అడిగితే పెద్దవాళ్ల బొమ్మను చిన్నది చేసి ఇవ్వకూడదు, కారణం ఇదే.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, నాలుగు వంపుల్నీ ఒకే లోతులో పాములా గీయడం. ఛాతీ వంపు పొడవుగా, నిదానంగా ఉంటుంది. నడుము వంపు కింద ఎల్5 దగ్గరికి వచ్చేసరికి చటుక్కున మలుపు తిరుగుతుంది. నిలబడిన మనిషిలో సాక్రమ్ పై ముఖం నేలకు సమాంతరంగా ఉండదు, సుమారు 40 డిగ్రీలు ముందుకు వాలి ఉంటుంది. ఈ వాలు లేని బొమ్మలో మనిషి కుర్చీలో జారిపడి కూర్చున్నట్టు కనిపిస్తాడు.

## 5. దారంతో కొలవండి

వయోజన పురుషుడి వెన్నెముక పొడవు, వంపు వెంట కొలిస్తే, సుమారు 71 సెం.మీ. స్త్రీలలో సుమారు 10 సెం.మీ. తక్కువ. ఈ 71లో మెడ 12.5, ఛాతీ 28, నడుము 18, సాక్రమ్, కాకిక్స్ కలిపి 12.5 సెం.మీ. సరిగ్గా సగానికి తగ్గిస్తే ఏ3 షీటులో హాయిగా పడుతుంది:

- మెడ: 6.25 సెం.మీ.
- ఛాతీ: 14 సెం.మీ.
- నడుము: 9 సెం.మీ.
- సాక్రమ్, కాకిక్స్: 6.25 సెం.మీ.

స్కేలు వంగదు కాబట్టి దారం తీసుకోండి. ఒక కొసను సున్నా అనుకుని 6.25, 20.25, 29.25, 35.5 సెం.మీ. దగ్గర పెన్నుతో చుక్కలు పెట్టండి. వంపు గీత పై కొస నుంచి దారాన్ని వేలితో నొక్కుతూ గీత వెంట పరిచి, చుక్కలు పడినచోట షీటు మీద చిన్న అడ్డగీతలు పెట్టండి.

ఇప్పుడు ఒక పరీక్ష చేయండి. మొదటి అడ్డగీత, రెండో అడ్డగీత నిలువు గీతను వంపు దాటే చోటికి దగ్గరగా పడ్డాయా? పడితే వంపు కుదిరింది. ఛాతీ ముగిసే గుర్తు నిలువు గీతకు బాగా వెనకాల పడితే ఛాతీ వంపు కిందికి దిగిపోయిందని అర్థం. వంపును తుడిచి మళ్లీ గీయండి, గుర్తుల్ని జరిపి సర్దుబాటు చేయకండి. ఈ దశలో తుడవడానికి రెండు నిమిషాలు చాలు. ఇంకు వేశాక తుడిచే దారే లేదు.

## 6. లెక్క, ఎత్తు: పూసలు, డిస్కులు

మెడలో 7, ఛాతీలో 12, నడుములో 5. ఈ 24 విడివిడిగా కదులుతాయి. కింద సాక్రమ్‌లో 5 పూసలు కలిసిపోయి ఒకే ఎముక, కాకిక్స్‌లో మామూలుగా 4 చిన్నవి. డిస్కులు 23. సి1, సి2 మధ్య డిస్క్ లేదు. అక్కడ డిస్క్ గీసిన రికార్డు కనిపిస్తే దిద్దేవాళ్లు ఇక మిగతాది చూడరు.

పూసకు, డిస్కుకు ఉన్న ఎత్తుల నిష్పత్తి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన సగం కొలతలో ఇలా వస్తుంది:

- సి3 నుంచి సి7: పూస సుమారు 6 మి.మీ., డిస్క్ సుమారు 2.5 మి.మీ.
- ఛాతీ: పూస సగటున 10 మి.మీ. లోపు, డిస్క్ 2 మి.మీ.
- నడుము: పూస 13.5 మి.మీ., డిస్క్ 4.5 మి.మీ.

మెడ పైభాగంలో మిగిలిన 20 మి.మీ. సి1, సి2లది. ఛాతీలో అన్ని గళ్లూ ఒకే ఎత్తులో విభజించకండి. టి1 దగ్గర పూస, డిస్క్ కలిపి 9 మి.మీ.తో మొదలుపెట్టి, టి12 దగ్గరికి 14 మి.మీ. దాకా క్రమంగా పెంచుతూ పోండి.

ఈ గళ్లలో ముందు డబ్బాలు మాత్రమే గీయండి. డబ్బా మందం, అంటే ముందు నుంచి వెనక్కి ఉండే కొలత, మెడలో సుమారు 8 మి.మీ., నడుములో సుమారు 17 మి.మీ.

వంపు ఎలా పుడుతుందో ఇక్కడే తేలుతుంది. ఛాతీలో పూసలే ముందువైపు కొద్దిగా పొట్టిగా, వెనకవైపు పొడుగ్గా ఉంటాయి, అందుకే ఆ భాగం వెనక్కి వంగుతుంది. మెడలో, నడుములో వంపు ఎక్కువగా డిస్కుల వల్ల వస్తుంది, అవి ముందువైపు మందంగా ఉంటాయి. ఎల్5 పూస మాత్రం తానే ముందువైపు బాగా ఎత్తుగా ఉంటుంది. అన్ని డబ్బాలనూ నాలుగు సమాన మూలలతో గీసి, మధ్యలో ఖాళీల్ని సాగదీసి వంపు తెప్పించే అలవాటు చాలామందికి ఉంది. "ఏదో తేడా" అని అడిగినవాళ్ల బొమ్మల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

ముందు నుంచి గీస్తుంటే వెడల్పు ఎలా పెరుగుతుందో చూసుకోండి. పై నుంచి కిందికి ఒకే తీరుగా పెరుగుతుందని అనుకుంటాం. నిజానికి పూసల వెడల్పు సి2 నుంచి టి1 దాకా పెరిగి, తర్వాతి మూడు పూసల్లో కొద్దిగా తగ్గి, అక్కణ్ణుంచి సాక్రమ్ దాకా మళ్లీ పెరుగుతుంది. టి4 దగ్గర ఉండే ఆ సన్నని చోటును పట్టుకుంటే, చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా బొమ్మను నమ్ముతారు. పూసకు రెండు పక్కలా అడ్డంగా చాచిన కొమ్ములు కూడా అంతే. ఛాతీలో టి1 నుంచి టి12కి వెళ్లేకొద్దీ పొట్టివవుతాయి, నడుములో ఎల్3వి అన్నిటికన్నా పొడుగు.

ఇంకుకు ముందు ఆగి చూసుకోవాల్సినవి:

- [ ] 7, 12, 5 వేలితో లెక్కపెట్టానా?
- [ ] సి1, సి2 మధ్య డిస్క్ లేదు కదా?
- [ ] నడుము డిస్కులు ఛాతీ డిస్కులకు రెండింతల కన్నా మందంగా ఉన్నాయా?
- [ ] ఎల్5 ముందువైపు ఎత్తుగా ఉందా?
- [ ] షీటును తలకిందులుగా తిప్పి చూసినా వంపు సాఫీగా ఉందా?

## 7. పూసకు ప్రాణం పోసే గుర్తులు

ఇప్పుడు ట్రేసింగ్ పేపర్ వేసి, హెచ్‌బీతో డబ్బాల మీద అసలు ఆకారాలు గీయండి. ప్రాంతానికి ఒక నమూనా పూసను ముందు పెద్దగా విడిగా గీసుకోండి.

మెడ. అడ్డకొమ్ములో రంధ్రం ఉంటే అది మెడ పూస, ఇంకెక్కడా ఆ రంధ్రం ఉండదు. సి2 నుంచి సి6 దాకా వెనక్కి పొడుచుకొచ్చే ముల్లు మామూలుగా రెండుగా చీలి ఉంటుంది. సి7 ముల్లు పొడుగ్గా, చీలకుండా ఉంటుంది, తల వంచితే మెడ వెనక చేతికి తగిలేది ఎక్కువమందిలో అదే. సి1కి పూస శరీరం (ముందుండే మందపాటి భాగం) లేదు, వెనక ముల్లూ లేదు, ఉంగరం మాత్రమే. సి2 నుంచి పైకి లేచిన మొన ఆ ఉంగరం ముందు భాగం వెనకాల కూర్చుంటుంది. సి1ను కూడా డబ్బాలా గీసి, దాని మీద ఇంకో డబ్బా పేర్చే తప్పు చాలా తరచుగా చూస్తాం.

ఛాతీ. పై నుంచి చూస్తే శరీరం హృదయాకారంలో, వెన్నుపాము వెళ్లే రంధ్రం గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. పక్కన పక్కటెముక అతుక్కునే నున్నని మచ్చలు చూపించాలి. ముళ్లు పొడుగ్గా కిందికి వాలి, ముఖ్యంగా టి5 నుంచి టి8 దాకా, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. ముల్లు కొస తన పూసకు ఎదురుగా ఉండదు, కింది పూసకు ఎదురుగా వస్తుంది. వాటిని అడ్డంగా వెనక్కి గీస్తే ఛాతీ భాగం నడుములా కనబడుతుంది.

నడుము. శరీరం పెద్దది, పై నుంచి చూస్తే మూత్రపిండం ఆకారం. ముల్లు వెడల్పుగా, గొడ్డలి రేకులా, దాదాపు అడ్డంగా వెనక్కి ఉంటుంది. పక్కటెముక మచ్చలు ఉండవు.

కీళ్ల ముఖాలు. పై పూస, కింది పూస వెనకవైపు ఒకదానితో ఒకటి కలిసే కీళ్ల దిశ మూడు చోట్లా మూడు రకాలు. మెడలో సుమారు 45 డిగ్రీల వాలు. ఛాతీలో ముఖాలు దాదాపు ముందు వెనకలకు తిరిగి ఉంటాయి. నడుములో లోపలికీ బయటికీ తిరిగి ఉంటాయి, అందుకే నడుము ముందుకు బాగా వంగినా పక్కకు పెద్దగా మెలితిరగదు. పక్క నుంచి గీసినప్పుడు ఈ తేడా చూపించకపోతే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

సాక్రమ్‌కు ముందు నాలుగు జతలు, వెనక నాలుగు జతలు రంధ్రాలు. ఐదు పూసలు కదా అని ఐదు జతలు పెట్టకండి.

వెనక నుంచి, చర్మంతో సహా మనిషి వీపు మీద పూసల్ని గుర్తించే బొమ్మ అయితే మూడు ఆనవాళ్లు పెట్టుకోండి. చేతులు కిందికి వదిలి నిలబడినప్పుడు రెక్క ఎముక కింది మొన సుమారు టి7 ముల్లు ఎత్తులో, తుంటి ఎముకల పై అంచులు కలిపే గీత ఎల్4 ఎత్తులో, నడుము కింద కనబడే రెండు సొట్టలు ఎస్2 ఎత్తులో వస్తాయి.

## 8. నరం, డిస్క్: డాక్టర్లు ఎక్కువగా అడిగే బొమ్మ

మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ బస్తాలు మోసే హమాలీలు, రోజంతా వంగి కలుపు తీసేవాళ్లు నడుం నొప్పితో వస్తుంటారు. "డిస్క్ జారింది" అని విని, పూసల మధ్య నుంచి ఒక బిళ్ల మొత్తం బయటికి జారిపోయిందని ఊహించుకుని భయపడతారు. గోడ మీది చార్టు కూడా అలాగే ఉంటే ఆ టెన్షన్ ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ ఒక్క బొమ్మను తీరిగ్గా గీయాలి.

వరుస ఇది:

1. ఎల్4, ఎల్5 పూసల్ని, కింద సాక్రమ్ పైభాగాన్ని వెనక నుంచి గీయండి. వెనక కమాను తీసేసినట్టు చూపించి, లోపలి గొట్టం కనబడనివ్వండి.
2. లోపల వెన్నుపామును గీయొద్దు. పెద్దవాళ్లలో అది సుమారు ఎల్1, ఎల్2 మధ్యే ముగుస్తుంది. అక్కణ్ణుంచి కిందికి వేలాడేవి నరాల పోగులు. వాటి చుట్టూ ఉన్న సంచి ఎస్2 దాకా ఉంటుంది.
3. ఎల్4 నరం ఎల్4 పూస కాడకు (పూస శరీరాన్ని వెనక కమానుతో కలిపే భాగానికి) ఆనుకుని, డిస్కుకు పైనే బయటికి వెళ్లిపోతుంది. ఎల్5 నరం ఎల్4-ఎల్5 డిస్క్ వెనక నుంచి దాటుకుంటూ కిందికి దిగి, ఎల్5 కాడ కింద బయటికి వెళుతుంది.
4. డిస్కును ఉల్లిపొరల్లాంటి బయటి వలయాలతో, మధ్యలో మెత్తటి గుజ్జుతో గీయండి. వెనక పక్కన ఒక చోట వలయాలు చీలి గుజ్జు ఉబ్బినట్టు చూపించండి. సరిగ్గా మధ్యలో బలమైన పొడుగు లిగమెంట్ (ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ) అడ్డు ఉంటుంది కాబట్టి ఎక్కువగా పక్కకు ఉబ్బుతుంది.
5. ఆ ఉబ్బు తగిలేది దాటుకుంటూ వెళ్లే ఎల్5 నరానికి. ఆ నరాన్ని మాత్రమే ముదురు రంగుతో చూపించండి.

ఎల్4-ఎల్5 డిస్క్ కాబట్టి ఎల్4 నరం నొక్కుకున్నట్టు గీయడం ఇక్కడి మామూలు తప్పు. డిస్క్ బాగా బయటి అంచున ఉబ్బితేనే అలా జరుగుతుంది. ఎల్5-ఎస్1 డిస్క్ అయితే మామూలుగా ఎస్1 నరం. పక్కనే ఒక కాలు బొమ్మ గీసి, ఎల్5కి పాదం పైభాగం, బొటనవేలి వైపు, ఎస్1కి పాదం బయటి అంచు, చిటికెన వేలి వైపు రంగు వేస్తే పేషెంటు తన నొప్పితో పోల్చి చూసుకుంటాడు.

మెడలో నరాల లెక్క వేరు. పూసలు ఏడే ఉన్నా నరాలు ఎనిమిది. సి1 నుంచి సి7 దాకా నరాలు తమ పూసకు పైన, సి8 నరం సి7 పూస కింద బయటికి వస్తాయి. అక్కణ్ణుంచి అన్నీ తమ పూస కిందే. మొత్తం 31 జతలు.

అడ్డకోత బొమ్మ గీస్తుంటే ఒక మూల "పై నుంచి" అనో "కింద నుంచి" అనో తప్పకుండా రాయండి. ఎమ్మారై అడ్డకోతను పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు చూపిస్తారు, అందుకే పేషెంటు కుడి మన ఎడమకు వస్తుంది. పూసను పై నుంచి, ముందు భాగం పైకి ఉండేలా గీస్తే కుడి కుడికే ఉంటుంది. ఈ రెండూ ఒకే చార్టులో గుర్తులు లేకుండా పక్కపక్కన పడితే చదివేవాడు ఎడమ నొప్పిని కుడిగా అర్థం చేసుకుంటాడు.

## 9. ఇంకు, షేడింగ్, రంగు

వెలుగు ఎడమ పై మూల నుంచి పడుతున్నట్టు పెట్టుకుని, చివరిదాకా మార్చకండి. బయటి అంచులకు 0.5, లోపలి అంచులకు 0.3, గరుకుకు 0.1. నీడను చుక్కలతో కట్టేవాళ్లు ముందు అన్నిటికన్నా చీకటి చోట్లు, అంటే రంధ్రాలు, కీళ్ల సందులు పూర్తి చేయండి. తర్వాత వెలుగు వైపు చుక్కల్ని పలచన చేసుకుంటూ రండి.

రంగుల్లో ఎముకకు లేత మీగడ రంగు, డిస్కుకు లేత నీలి బూడిద, నరాలకు పసుపు, ధమనికి ఎరుపు, సిరకు నీలం వాడటం ఆనవాయితీ. ఎముకను తెల్లగా వదిలేస్తే ప్రింటులో కాగితంతో కలిసిపోతుంది.

## 10. లేబుళ్లు

- గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు, కొస సరిగ్గా ఆ భాగాన్ని తాకాలి.
- పేర్లు ఒకే నిలువు వరుసలో పెట్టండి.
- ముందు, వెనక, కుడి, ఎడమ గుర్తులు ప్రతి బొమ్మకూ ఉండాలి. ముందు నుంచి చూసే బొమ్మలో మనిషి కుడివైపు మన ఎడమకు వస్తుంది.
- విద్యార్థుల బొమ్మకు కాలేజీలో వాడే పేర్లే రాయండి. పేషెంట్ల చార్టుకు మెడ పూసలు, నడుము పూసలు, డిస్క్, నరం అని రాస్తే చాలు. రెండు రకాలూ ఒకే చార్టులో కలపకండి.

## 11. ఫ్లోరోసిస్ చార్టు గీయాల్సివస్తే

అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, దానివల్ల వచ్చే జబ్బే ఫ్లోరోసిస్, కాబట్టి ఈ చార్టు మన ప్రాంతంలో అవసరం. కానీ దీన్ని గీసేవాళ్లలో ఎక్కువమంది పూసలు విరిగి, నలిగి, గుల్లబారినట్టు గీస్తారు. అలా ఉండేది ఎముకలు పలచబడే జబ్బులో. ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్నెముక ఎక్స్‌రే మామూలు కన్నా తెల్లగా, చిక్కగా కనబడుతుంది. పూసల అంచుల్లో కొత్త ఎముక మొలకలు వస్తాయి, లిగమెంట్లు సున్నం పట్టి గట్టిపడతాయి, వెన్నుపాము వెళ్లే దారి ఇరుకవుతుంది. మనిషి మెడ తిప్పలేడు, నడుం వంచలేడు.

కాబట్టి పక్కపక్కన రెండు బొమ్మలు గీయండి. ఆరోగ్యంగా ఉన్నదాంట్లో పూసల మధ్య సందులు స్పష్టంగా, లిగమెంటు పలచగా చూపించండి. జబ్బు ఉన్నదాంట్లో పూస రంగు చిక్కగా, అంచులు గరుకుగా, లిగమెంటు ఎముక రంగులోకి మారినట్టు, లోపలి దారి సన్నగా చూపించండి. రెండింటి సైజు, కోణం, వెలుగు ఒకటే ఉండాలి.

కింద నీటి గురించి ఒక వాక్యం పెడితే భారతీయ ప్రమాణం రాయండి: లీటరుకు 1 మి.గ్రా. దాకా అంగీకారం, వేరే నీళ్లు దొరకని పక్షంలో గరిష్ఠంగా 1.5 మి.గ్రా. పొయ్యి మీద మరుగుతున్న గిన్నె బొమ్మ మాత్రం పెట్టొద్దు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది.

## 12. ఎక్కువగా కనిపించే తప్పులు, సరిచేసే తీరు

తల ముందుకు తూలినట్టుంది. సి2 మొన నిలువు గీతకు బాగా ముందు పడింది. మెడ వంపు తగ్గించడానికి ముందు ఛాతీ పైభాగం వాలును చూడండి, తప్పు మామూలుగా అక్కడుంటుంది.

బొమ్మ పొట్టిగా, లావుగా ఉంది. నడుము పూసల మందం సరిగ్గానే ఉండి ఛాతీ పొడవు తగ్గి ఉంటుంది. దారంతో 14 సెం.మీ. మళ్లీ కొలవండి.

పక్క నుంచి చూస్తే నరాలు బయటికి వచ్చే రంధ్రాలు కనబడటం లేదు. కాడల్ని పూస శరీరం అంత ఎత్తుగా గీశారు. కాడ పూస పై సగం నుంచి పుడుతుంది, కింది సగం ఖాళీ వదిలితే రంధ్రం దానంతట అదే ఏర్పడుతుంది.

ఇంకు వేశాక ఒక పూస తగ్గిందని తేలింది. అతికించి సర్దకండి. ట్రేసింగ్ తీసుకుని, లెక్క సరిచేసి కొత్త షీటు మీద దించండి. లెక్క తప్పిన బొమ్మను ఎవరో ఒకరు చూసి చదువుకుంటారు.

పెన్సిల్ దశలో ఒకసారి, రంగుకు ముందు ఒకసారి అనాటమీ తెలిసినవాళ్లకు చూపించండి. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందని చెప్పి పంపేస్తారు. "ఈ ఎల్5 నరం సరైన చోట నుంచి వెళుతోందా?" అని వేలు పెట్టి అడగండి.

## 13. స్కాన్, ఫ్లెక్స్, తెలుగు అక్షరాలు

చేత్తో గీసింది కనీసం 300 డీపీఐలో స్కాన్ చేయించండి. పెద్దది చేయాల్సి ఉంటే 600. ఫోన్ ఫొటోతో సరిపెడితే అంచుల్లో పూసలు సాగి, ఇంత కష్టపడి కొలిచిన నిష్పత్తులు పోతాయి. బొమ్మ పక్కన 5 సెం.మీ. స్కేలు గీత గీసి ఉంచితే ఎంత పెద్దగా ప్రింటు తీసినా కొలత తెలుస్తుంది.

ఫ్లెక్స్ మీద రంగులు స్క్రీన్ మీద ఉన్నట్టు రావు. లేత నీలి బూడిద డిస్కులు ఎముకతో కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే పూర్తి చార్టు వేయించే ముందు నడుము భాగం మాత్రం ఒక అడుగు ముక్కగా ప్రూఫ్ తీయించుకోండి.

లేబుళ్లను యూనికోడ్‌లో టైప్ చేసి ఫైలు ఇస్తే, పాత ఫాంట్లు వాడే షాపులో తెరిచినప్పుడు వత్తులు విడిపోవచ్చు. "వెన్నెముక"లో నకారం వత్తు పక్కకు వచ్చి పడుతుంది, "డిస్క్" చివర పొల్లు ఊడిపోతుంది. అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చి, పీడీఎఫ్ కూడా కలిపి ఇవ్వండి. ప్రూఫ్ చేతికి వచ్చాక ముందు లేబుళ్లు చదవండి, తర్వాత పూసలు పై నుంచి ఇంకోసారి లెక్కపెట్టండి. చార్టు సైజుకు సరిపెట్టడానికి షాపువాళ్లు బొమ్మను నిలువుగానో అడ్డంగానో సాగదీశారేమో ఆ 5 సెం.మీ. గీతను, బొమ్మ మొత్తం ఎత్తును కొలిచి చూసుకుని, అప్పుడు పూర్తి ప్రింటుకు సరేననండి.